చుక్కలు వేశాక సూది ఎందుకు?



టీకాల రోజున ఆరోగ్య కేంద్రంలో వినబడే ప్రశ్నల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. నెలన్నర పాపని ఒళ్లో పెట్టుకున్న తల్లి అడుగుతుంది. తల్లి మొహమాటపడితే పక్కనున్న అమ్మమ్మ అడుగుతుంది. "పోలియో చుక్కలు ఇప్పుడే వేశారు గదమ్మా. మళ్లీ పోలియోకే ఈ సూదేంటి? చుక్కలు పనిచేయవనా?"

దీనికి మన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు, "పైనుంచి వెయ్యమన్నారు, వేస్తున్నాం. మంచిదే, భయపడకండి" అని. అందులో అబద్ధమేమీ లేదు. అమ్మమ్మకి కొత్తగా తెలిసిందీ ఏమీ లేదు.

ఆ ప్రశ్న గట్టి ప్రశ్న. సరిగ్గా జవాబు చెప్పాలంటే టీకా ఒంట్లో చేరి ఏం చేస్తుందో చెప్పాలి. దానివల్ల మేలేంటో చెప్పాలి. కీడేంటో కూడా దాచకుండా చెప్పాలి. అందుకని ఈ పూట మిగతా టీకాల జోలికి పెద్దగా పోవద్దు. పోలియో ఒక్కటే పట్టుకుందాం. అమ్మమ్మ ప్రశ్నకి జవాబు వెతుకుదాం.

ముందు జబ్బు సంగతి.

ఇప్పటి తల్లుల్లో చాలామంది పోలియో వచ్చిన పసిబిడ్డని చూసి ఉండరు. మీ ఇంట్లో యాభై దాటినవాళ్లని అడగండి. వాళ్ల బడిలో ఒకడు ఉండే ఉంటాడు. ఒక కాలు సన్నగా ఎండిపోయి ఉండేది. తొడ మీద అరచెయ్యి అదిమిపెట్టి, ఒక పక్కకి ఒంగి, ఒక్కో అడుగే వేసేవాడు. ఆటల పీరియడ్‌లో గట్టు మీద కూర్చుని అందరి చెప్పులకీ కాపలా కాసేవాడు. వాణ్ణి బళ్లో ఏమని పిలిచేవారో నేను చెప్పను. మీకు తెలుసు.

వాళ్లమ్మని అడిగితే చెప్పేది. ఏడాది పిల్లాడప్పుడు రెండు రోజులు జ్వరం వచ్చింది. రాత్రి పడుకోబెట్టినప్పుడు కాళ్లు ఆడిస్తూనే ఉన్నాడు. పొద్దున లేపేసరికి కాలు వేలాడిపోయింది. కొందరు ఇంకో మాట కూడా కలుపుతారు. జ్వరానికని తుంటికి సూది చేయించాం, ఆ సూదే కాలు తీసేసింది అని. ఈ మాటని కొట్టిపారేయకండి. ఒంట్లో పోలియో వైరస్ తిరుగుతున్న సమయంలో కండకి సూది పడితే, ఆ కాలు పడిపోయే అవకాశం పెరుగుతుంది. ఇది వైద్యంలో తెలిసిన సంగతే. సూది జబ్బుని తేలేదు. ఉన్న జబ్బుకి దారి చూపించింది.

ఈ వైరస్ నోట్లోంచి లోపలికి పోతుంది. పేగుల్లో పెరుగుతుంది. మలంతో బయటికి వస్తుంది. మురుగులో, నీళ్లలో, కడగని చేతుల్లో ప్రయాణం చేసి ఇంకో పిల్లాడి నోట్లోకి చేరుతుంది. చాలామంది పిల్లలకి దీనివల్ల ఏమీ కాదు. కాస్త జ్వరం, కాస్త నలత, అంతే. సుమారు 200 మందికి సోకితే, ఒక్కరికి మాత్రం ఆ వైరస్ పేగు దాటి నరాల దాకా పోతుంది. రక్తంలోకి వస్తుంది. రక్తంలోంచి వెన్నుపాము చేరి, కండరాల్ని ఆడించే నరాల కణాల్ని చంపేస్తుంది. చచ్చిన ఆ కణాలు మళ్లీ పుట్టవు.

ఈ లెక్కలో భయపెట్టే సంగతి ఏంటంటే, కాలు పడిపోయిన పిల్లాడు ఒక్కడే మనకి కనబడతాడు. మిగతా 199 మంది కనబడరు. వాళ్లు ఆడుకుంటూనే ఉంటారు. వైరస్‌ని ఊరంతా పంచుతూనే ఉంటారు.

ఇక్కడ రెండు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఒకటి పేగు. రెండోది రక్తం. పేగులో వైరస్ పెరిగితే ఊరికి ప్రమాదం. రక్తంలోకి వస్తే ఆ బిడ్డకి ప్రమాదం. మళ్లీ చెబుతున్నాను. పేగులో ఉంటే ఊరికి. రక్తంలోకి వస్తే బిడ్డకి. మనం వెతుకుతున్న జవాబు ఈ రెండు చోట్ల మధ్యనే ఉంది.

ఇప్పుడు ఒళ్లు ఏం చేస్తుందో చూద్దాం.

మన ఒంట్లో ఒక రకం కణాలున్నాయి. బయటిది ఏది లోపలికి వచ్చినా, దాని ఆకారం చూసి, ఆ ఆకారానికి సరిగ్గా అతుక్కునే పదార్థాన్ని ఇవి తయారుచేస్తాయి. దాన్ని యాంటీబాడీ అంటాం. యాంటీబాడీలు చుట్టూ అతుక్కుపోతే వైరస్ మన కణాల్లోకి దూరలేదు. కాకపోతే మొదటిసారి వచ్చిన వైరస్‌కి యాంటీబాడీలు సరిపడా తయారు కావడానికి వారం, పది రోజులు పడుతుంది. పోలియోకి అంత గడువు ఇస్తే, ఈలోపు అది వెన్నుపాము చేరిపోగలదు.

రెండోసారి అదే వైరస్ వచ్చిందనుకోండి. అప్పుడు కథ వేరు. మొదటిసారి పనిచేసిన కణాల్లో కొన్ని చావకుండా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వాటికి ఆ ఆకారం గుర్తుంటుంది. ఈసారి తయారీ త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా జరుగుతుంది. వైరస్ నరాల దాకా పోకముందే ఆగిపోతుంది.

టీకా చేసేదంతా ఇదే. జబ్బు రాకుండానే ఆ మొదటిసారి అనేది గడిచిపోయేలా చేస్తుంది.

మరి జబ్బు తెప్పించకుండా వైరస్‌ని ఒంటికి చూపించేదెలా? రెండు దారులున్నాయి. ఒకటి, చచ్చిన పాముని చూపించడం. రెండోది, కోరలు తీసిన పాముని చూపించడం. పోలియో సూదిలో ఉన్నది చచ్చిన పాము. పోలియో చుక్కల్లో ఉన్నది కోరలు తీసిన పాము. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ముందు వచ్చింది సూది. అమెరికాలో జోనస్ సాల్క్ అనే శాస్త్రవేత్త పోలియో వైరస్‌ని ఫార్మాలిన్‌తో చంపి టీకా చేశారు. లక్షల మంది బడిపిల్లల మీద దాన్ని పరీక్షించారు. 1955 ఏప్రిల్ 12న ఫలితం ప్రకటించారు. టీకా పనిచేస్తోంది అన్నారు. అమెరికాలో ఆ రోజు చర్చిల్లో గంటలు మోగాయి.

ఆ సంతోషం నెల కూడా నిలవలేదు. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరికి, సూది వేసిన ఆ చేతికే పక్షవాతం వచ్చింది. ఆరా తీస్తే తేలిందేంటంటే, కట్టర్ లేబొరేటరీస్ అనే కంపెనీ తయారుచేసిన కొన్ని బ్యాచుల్లో వైరస్ పూర్తిగా చావలేదు. పాము చచ్చిందనుకున్నారు, చావలేదు. సుమారు 200 మందికి పక్షవాతం వచ్చింది. 10 మంది చనిపోయారు. అమెరికా ప్రభుత్వం టీకాని ఆపింది. తయారీ నిబంధనలు బిగించింది. ఆ తర్వాతే మళ్లీ మొదలుపెట్టింది. ఈ రోజున ప్రతి బ్యాచునీ పరీక్షించి వదలడం అన్నది ఇంత గట్టిగా జరుగుతోందంటే, ఆ పిల్లలు చెల్లించిన మూల్యం అందులో ఉంది.

తర్వాత చుక్కలు వచ్చాయి. ఆల్బర్ట్ సేబిన్ అనే ఆయన వైరస్‌ని చంపలేదు. కోతి కణాల్లో మళ్లీ మళ్లీ పెంచి, నరాల్ని పట్టుకునే శక్తి పోయిన రకాల్ని ఏరి పట్టుకున్నారు. అదే కోరలు తీయడం. అమెరికాలో అప్పటికే చాలామంది పిల్లలు సాల్క్ సూది వేయించుకున్నారు. దాంతో సేబిన్ టీకాకి పెద్ద పరీక్ష సోవియట్ యూనియన్‌లో జరిగింది. అక్కడ మిఖాయిల్ చుమకోవ్ అనే శాస్త్రవేత్త ముందుండి నడిపించారు. రెండు దేశాలూ అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్న రోజులవి. ఆ రోజుల్లో అమెరికా వైరస్‌ని రష్యా పిల్లల నోట్లో చుక్కలుగా వేశారు.

ఇప్పుడు చుక్కల మేలు చెబుతాను. జాగ్రత్తగా వినండి, ఎందుకంటే చుక్కల కీడు కూడా ఇందులోంచే పుడుతుంది.

చుక్కల్లోని వైరస్ బతికి ఉంది. నోట్లో వేస్తే అసలు వైరస్ పోయే దారినే పోతుంది. పేగులో చేరి కొన్నాళ్లు పెరుగుతుంది. కాబట్టి రక్తంలోనే కాదు, పేగు గోడలో కూడా రక్షణ పుడుతుంది. ఇందాక చెప్పుకున్నాం, పేగులో వైరస్ ఉంటే ఊరికి ప్రమాదం అని. చుక్కలు ఆ పేగులోనే అడ్డం నిలుస్తాయి. పైగా చుక్కలు వేసుకున్న పిల్లాడి మలంలో ఈ టీకా వైరస్ కూడా బయటికి వస్తుంది. పక్కింటి పిల్లాడికి చేరుతుంది. అంటే చుక్కలు వేయించుకోని బిడ్డకి కూడా ఒక్కోసారి టీకా అందుతుంది. డబ్బు ఖర్చు లేకుండా, సూది నొప్పి లేకుండా.

మన దేశానికి ఇది సరిగ్గా సరిపోయింది. సూది వేయాలంటే చెయ్యి తిరిగిన నర్సు కావాలి. చుక్కలు వేయడానికి ఒక పూట శిక్షణ చాలు. 1995లో పల్స్ పోలియో మొదలైంది. మీలో చాలామందికి ఆ ఆదివారాలు గుర్తుండే ఉంటాయి. బస్టాండులో బల్ల, రైల్వే స్టేషన్‌లో బల్ల, గుడి దగ్గర బల్ల. ఎడమ చేతి చిటికెన వేలికి సిరా గుర్తు. అందరికీ ఒకేరోజు ఎందుకంటే, ఊళ్లోని పిల్లలందరి పేగుల్లోనూ ఒకేసారి టీకా వైరస్ నిండితే, అసలు వైరస్‌కి పెరిగే చోటే దొరకదు.

కానీ పని అంత తేలిగ్గా కాలేదు. మన వాతావరణంలో, మన మురుగు మధ్య పెరిగే పిల్లల పేగుల్లో వేరే సూక్ష్మజీవుల రద్దీ ఎక్కువ. రెండు మూడు డోసుల చుక్కలు చాలవు. ఈ సంగతిని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ టి. జాకబ్ జాన్ 1972 నాటికే చూపించారు. విన్నవాళ్లు తక్కువ. 2009లో కూడా ప్రపంచంలో నమోదైన పోలియో కేసుల్లో దాదాపు సగం మన దేశంలోవే. ఆ ఏడాది 741 మంది పిల్లలు. ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో ఒక్కో ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లి, ఒక్కో బిడ్డకి లెక్కలేనన్నిసార్లు చుక్కలు వేశారు. ఆ వేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చేతికి దక్కింది తక్కువ. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

చివరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. ఆ తర్వాత అడవి పోలియో వల్ల, అంటే టీకాలోది కాని అసలు వైరస్ వల్ల, మన దేశంలో ఒక్క బిడ్డకీ కాలు పడిపోలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో పోయిందని మనకి పత్రం ఇచ్చింది. ఈ పని చేసినవి చుక్కలు. ఇందులో సందేహం లేదు.

ఇక కీడు సంగతి.

పాములవాళ్లని ఎప్పుడైనా అడిగారా? పీకేసిన కోరలు కొన్నాళ్లకి మళ్లీ మొలుస్తాయి. చుక్కల్లోని వైరస్ కూడా అంతే. బతికి ఉంది కాబట్టి పెరుగుతుంది. పెరిగేటప్పుడు మారుతుంది. మార్పుల్లో ఎప్పుడో ఒకసారి, పోయిన కోరలు తిరిగి వస్తాయి.

ఇది రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది, చుక్కలు వేసుకున్న బిడ్డకే, లేదా ఆ బిడ్డని ఎత్తుకుని తిరిగేవాళ్లకి పక్షవాతం రావడం. చాలా అరుదు. సుమారు 27 లక్షల డోసులకి ఒక్కటి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రెండోది, టీకాలు సరిగ్గా వేయని ఊళ్లలో జరుగుతుంది. అక్కడ టీకా వైరస్ ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకి, ఆ బిడ్డ నుంచి మరో బిడ్డకి నెలల తరబడి తిరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూ కోరలు తెచ్చుకుంటుంది. అప్పుడది అసలు పోలియోలాగే కాళ్లు తీస్తుంది. అందరికీ టీకా వేసిన ఊళ్లో దానికి ఇంత దూరం నడిచే అవకాశం ఉండదు.

గమనించారా? పక్కింటి బిడ్డకి ఉచితంగా టీకా చేర్చిన గుణం ఏదో, ఈ ప్రమాదం తెచ్చిన గుణం కూడా అదే. వైరస్ బతికి ఉండడం. ఒకటి ఉంచుకుని రెండోది తీసేయడం కుదరలేదు.

1988లో ప్రపంచంలో రోజుకి సుమారు 1000 మంది పిల్లలకి పోలియోతో పక్షవాతం వచ్చేది. అటువంటప్పుడు 27 లక్షల డోసులకి ఒక్కటి అంటే, ఎవరైనా చుక్కలే వెయ్యమంటారు. నేనూ అంటాను. కానీ జబ్బు పోయాక లెక్క మారుతుంది. జబ్బు వల్ల వచ్చే కేసు ఒక్కటీ లేదు. టీకా వల్ల వచ్చేది ఎక్కడో ఒకటి మిగిలింది. ఆ ఒక్కటి ఎవరింట్లో వస్తే వాళ్లకి అది లక్షల్లో ఒకటి కాదు. వాళ్ల బిడ్డ.

ఈ మారిన లెక్కని శాస్త్రవేత్తలు దాచలేదు. పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి. 1, 2, 3 అని అంటాం. రెండో రకం అడవి వైరస్ ప్రపంచంలో చివరిసారి కనబడింది 1999లో, మన దేశంలోనే, అలీగఢ్‌లో. అయినా ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి చుక్కల్లో రెండో రకాన్ని వేస్తూనే ఉన్నాం. తిరిగి కోరలు తెచ్చుకుని ఊళ్ల మీద పడిన కేసుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకానివే. అంటే మేలు అయిపోయింది, కీడు మిగిలింది. అందుకని 2016 ఏప్రిల్‌లో 150కి పైగా దేశాలు కూడబలుక్కుని, రెండు వారాల వ్యవధిలో, చుక్కల్లోంచి రెండో రకాన్ని తీసేశాయి. మన దేశంలో ఆ రోజు ఏప్రిల్ 25. పాత సీసాలన్నీ వెనక్కి తెప్పించి నాశనం చేశారు.

మరి రెండో రకం ఎక్కడైనా మిగిలి ఉంటే? చుక్కల్లో అది లేదు కదా, కొత్తగా పుట్టే పిల్లలకి రక్షణ ఎక్కడినుంచి వస్తుంది? అందుకే సూది. చచ్చిన వైరస్ ఉన్న సూది. అందులో మూడు రకాలూ ఉన్నాయి. చచ్చింది కాబట్టి దానికి కోరలు మొలవవు. మన దేశంలో దీన్ని 2015 నవంబరు చివర్లో మొదలుపెట్టారు.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో ఆరు నెలలు తిరక్కుండానే హైదరాబాద్‌లో తెలిసింది. అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం దగ్గర తీసిన నీళ్లలో రెండో రకం వైరస్ దొరికింది. అడవి వైరస్ కాదు. టీకా నుంచి పుట్టి మారిన వైరస్. ఏ బిడ్డకీ పక్షవాతం రాలేదు. అయినా పేపర్లో "హైదరాబాద్‌లో పోలియో" అని వచ్చేసరికి ఎంతమంది తల్లిదండ్రులు హడలిపోయారో! నిజానికి ఆ వార్తలో ధైర్యం తెచ్చుకోవలసిన సంగతి కూడా ఉంది. బిడ్డ కాలు పడిపోయాక తెలుసుకోవడం కాదు, మురుగులో ఉండగానే పట్టుకున్నారు. 2016 జూన్ 20 నుంచి వారం రోజులు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పసిపిల్లలకి సూది వేశారు.

అప్పుడు ప్రపంచమంతా ఆ సూదిమందుకి కొరత. అందుకని ఒక ఉపాయం చేశారు. కండలోకి వేసే మోతాదులో అయిదో వంతు తీసుకుని, చర్మం పొరలోనే వేశారు. చర్మంలో రక్షణ కణాలు ఎక్కువ. కొంచెం మందు సరిపోతుంది, రెండుసార్లు వేస్తే. మీ పాపకి చేతి మీద వేసినప్పుడు చిన్న బుడగలా లేచి, కాసేపటికి అణిగిపోయేది అదే. కొరతలోంచి పుట్టిన పద్ధతి ఇప్పటికీ మన దగ్గర నడుస్తోంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2018లో ఘజియాబాద్‌లోని ఒక కంపెనీ తయారుచేసిన చుక్కల్లో, ఉండకూడని రెండో రకం వైరస్ ఉందని తేలింది. ఆ సీసాలు ఉత్తరప్రదేశ్‌కీ, మహారాష్ట్రకీ, మన తెలంగాణకీ వచ్చాయి. వెనక్కి తీసుకున్నారు, కేసు పెట్టారు. టీకా మంచిదని చెప్పే నోటితోనే ఇది కూడా చెప్పాలి. చెప్పకపోతే, తర్వాత ఎవరో వాట్సాప్‌లో పదింతలు చేసి చెబుతారు.

సరే, సూదికి కోరలు మొలిచే బెడద లేదన్నాం. మరి చుక్కలు మానేసి అందరికీ సూదే వేయొచ్చు కదా? ఇది అమ్మమ్మ అడగని ప్రశ్న. అడిగి ఉంటే ఇంకా బాగుండేది.

సూదికీ ఒక లోపం ఉంది. అది రక్తంలో రక్షణ ఇస్తుంది. పేగులో పెద్దగా ఇవ్వదు. సూది వేసుకున్న బిడ్డకి కాలు పడిపోదు. కానీ ఆ బిడ్డ పేగులో వైరస్ పెరగొచ్చు, ఊరికి పాకొచ్చు. 2013లో ఇజ్రాయెల్‌లో ఇదే జరిగింది. అక్కడి పిల్లలకి అప్పటికి కొన్నేళ్లుగా సూది మాత్రమే వేస్తున్నారు. అడవి వైరస్ ఎక్కడినుంచో వచ్చింది. మురుగునీళ్లలో నెలల తరబడి దొరుకుతూనే ఉంది. ఒక్కరికీ పక్షవాతం రాలేదు. కానీ వైరస్ ఆగలేదు. చివరికి పిల్లలకి మళ్లీ చుక్కలు వేయాల్సి వచ్చింది. అమెరికా 2000 సంవత్సరంలో చుక్కలు పూర్తిగా మానేసింది. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలో, ఏ టీకా వేయించుకోని ఒక యువకుడికి టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ వల్ల పక్షవాతం వచ్చింది.

కాబట్టి అమ్మమ్మగారూ, జవాబు ఇది. చుక్కలు పనిచేస్తాయి. పేగులో కాపు కాస్తాయి, ఊరిని కాస్తాయి. కానీ ఇప్పటి చుక్కల్లో రెండో రకం లేదు. సూదిలో మూడు రకాలూ ఉన్నాయి, మీ మనవరాలి రక్తంలో రక్షణ గట్టిపడుతుంది. పైగా ఇంకో లాభం ఉంది. ముందు చుక్కలు వేసుకున్న పిల్లలకి తర్వాత సూది వేస్తే, పేగులోని రక్షణ కూడా పెరుగుతుంది. ఇంకోసారి చుక్కలు వేసినదానికంటే ఎక్కువగా పెరుగుతుంది. మొరాదాబాద్ ప్రాంతంలో మన పిల్లల మీదే చేసిన పరిశోధనలో ఇది తేలింది, 2014లో ప్రచురించారు. అంటే సూది ఒక్కటే పేగుకి పెద్దగా ఏమీ చేయలేదు. చుక్కల వెనకాల వస్తే చేస్తుంది.

మరోపక్క కోరలు అంత తేలిగ్గా మొలవని కొత్త చుక్కలు కూడా వచ్చాయి. రెండో రకానికి, వైరస్ జన్యువుల్ని మార్చి చేసినవి. 2020 చివర్లో అత్యవసర వాడకానికి అనుమతి వచ్చింది. ఆఫ్రికాలో కోట్ల డోసులు వాడారు. మొదట ఇండోనేషియాలో తయారయ్యేవి, ఇప్పుడు హైదరాబాద్‌లోనూ తయారవుతున్నాయి.

ఇప్పుడు పోలియో నుంచి ఒక్క అడుగు పక్కకి వేస్తాను. ఎందుకంటే మందు ఎంత మంచిదైనా, వేసే తీరు చెడితే ఏమవుతుందో మన గడ్డ మీదే చూశాం.

2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, మన ఆరోగ్య శాఖ, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి చేసిన కార్యక్రమం. అదే సమయంలో గుజరాత్‌లోని వడోదరలోనూ జరిగింది. తర్వాత, టీకా వేసుకున్నవాళ్లలో ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారన్న వార్త వచ్చింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. విచారణ జరిగింది. ఒకమ్మాయి క్వారీ నీళ్లలో మునిగిపోయింది. ఒకమ్మాయిని పాము కరిచింది. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒకరికి మలేరియా. మిగతా ఇద్దరి విషయంలో కూడా టీకాయే కారణమని చెప్పే ఆధారం దొరకలేదు.

అంటే టీకా చంపలేదు. కానీ అదే విచారణలో ఇంకోటి బయటపడింది. హాస్టళ్లలో ఉన్న గిరిజన బాలికలకి టీకా వేసేటప్పుడు, చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. అమ్మానాన్నల్ని ఎవరూ అడగలేదు. ఏం వేస్తున్నారో, ఎందుకో వాళ్లకి తెలియదు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా వల్ల జరిగే మేలు నిజం. ప్రపంచంలో ఎన్నో దేశాల్లో అది చూశారు. కానీ అడక్కుండా వేసినందువల్ల, ఆ మంచి టీకా మీద మన దగ్గర పడిన అనుమానం పోవడానికి ఏళ్లు పట్టింది.

అందుకే అంటున్నాను, అడగండి. అడిగే హక్కు మీది. టీకా వేసే అమ్మాయిని అడగండి: ఇది దేనికి? వేశాక ఏం రావచ్చు? వస్తే ఏం చెయ్యాలి? మళ్లీ ఎప్పుడు రావాలి? ఈ నాలుగూ తల్లికి చెప్పాలని ఏఎన్ఎంలకి శిక్షణలో నేర్పుతారు. రద్దీలో మరిచిపోవచ్చు. మీరు గుర్తుచేస్తే ఎవరూ కోప్పడకూడదు.

ఏం రావచ్చో నేనూ కాస్త చెబుతాను. నెలన్నరకి పోలియోతో పాటు అయిదు జబ్బుల టీకా ఒకటి తొడకి వేస్తారు. దానివల్ల జ్వరం రావచ్చు, వేసిన చోట ఎర్రగా వాచి నొప్పి ఉండొచ్చు. ఎక్కువగా అందులోని కోరింత దగ్గు మందు భాగం వల్ల. రెండు రోజుల్లో తగ్గుతుంది. పాలు పట్టడం ఆపకండి. వాచిన చోట పసుపు, సున్నం, నూనె, ఏదీ రాయకండి. రుద్దకండి. ఒంట్లో యాంటీబాడీల తయారీ మొదలైనప్పుడు జ్వరం వస్తే రావచ్చు, రాకపోయినా టీకా పనిచేస్తుంది. క్షయకి వేసే బీసీజీ టీకా వేసిన చోట నాలుగైదు వారాలకి చిన్న పుండు పడి మచ్చ మిగులుతుంది. అది మామూలే. ఇక ఏ టీకాకైనా, పది లక్షల్లో ఒకరికి అన్నంత అరుదుగా, తీవ్రమైన అలర్జీ రావచ్చు. వస్తే సాధారణంగా నిమిషాల్లోనే తెలుస్తుంది. అందుకే వేయించాక అరగంట అక్కడే కూర్చోమంటారు. బస్సు పోతుందని లేచిపోకండి. ఆ అరగంట మీ బిడ్డ కోసం. అలర్జీ వస్తే దానికి విరుగుడు సూది అక్కడే పెట్టెలో ఉంటుంది. జ్వరం మూడో రోజుకీ తగ్గకపోయినా, బిడ్డ పాలు మానేసినా, మూర్ఛ వచ్చినా వెంటనే తీసుకురండి.

ఒకసారి ఇంటికెళ్లాక మీ పిల్లల టీకాల కార్డు తీసి చూడండి. పోలియో చుక్కలు పుట్టగానే ఒకసారి, తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకి, ఏడాదిన్నర ప్రాంతంలో మరోసారి. పోలియో సూది ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి. మొదటి రెండూ కుడి భుజానికి. 2023 నుంచి తొమ్మిది నెలలకి మూడోది కూడా చేర్చారు. ఒకటి తప్పిపోతే మొదటినుంచీ మొదలుపెట్టక్కర్లేదు. తప్పిందే వేస్తారు.

"మన దేశంలో పోలియో పోయింది కదా, ఇంకా ఎందుకు?" అంటారేమో. అడవి వైరస్ ఇప్పటికీ పాకిస్తాన్‌లో, అఫ్గానిస్తాన్‌లో తిరుగుతోంది. ఆ వైరస్ పేగులో దాక్కుని ప్రయాణం చేస్తుంది. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఆఖరుగా మీకు ఒక పని అప్పజెబుతాను. మీ ఇంట్లోగానీ, మీ వీధిలోగానీ, పదిహేనేళ్లలోపు పిల్లలకి ఎవరికైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో మెత్తబడి వేలాడిపోతే, అదేమిటో మీరు తేల్చుకోవద్దు. ఆశా కార్యకర్తకి చెప్పండి, ఏఎన్ఎంకి చెప్పండి, దగ్గర్లోని డాక్టరుకి చెప్పండి. కాలు పడిన రెండు వారాల్లోపు, ఒక రోజు తేడాతో రెండుసార్లు మలం నమూనా తీసుకుని పరీక్షకి పంపుతారు. ఖర్చు మీది కాదు. ఆ పరీక్షలో దాదాపు ఎప్పుడూ పోలియో కాదనే వస్తుంది. వేరే నరాల జబ్బు ఏదో అని తేలుతుంది, దానికి వైద్యం మొదలవుతుంది. పోలియో కాదని రాసి ఉన్న ఆ కాగితాలు వేల కొద్దీ పోగైతేనే, మన దగ్గర పోలియో లేదని చెప్పగలిగాం. అందుకని, పోలియో కాదేమోలే అని ఊరుకోకండి. ఆ రోజే చెప్పండి.